నన్ను చివరిదాకా చదివిన మనిషి

నేను ఒక రీడ్‌మీ ఫైలుని. 'నన్ను చదవండి' అని పేరులోనే బతిమాలుతున్నా, చదివిన పాపాన పోయినవాళ్లు తక్కువ. ఎవరైనా కొత్త వెబ్ అప్లికేషన్ మొదలుపెట్టగానే, పిలవకపోయినా మిగతా ఫైళ్లతో పాటు పుట్టేస్తాను. నా ఒంటినిండా ఉండేది నాలుగు ముక్కలే: ముందు కావలసినవన్నీ ఇన్‌స్టాల్ చేసుకోండి, తరవాత ఈ కమాండ్ ఇవ్వండి, బ్రౌజరులో ఈ అడ్రసు తెరవండి, పేజీ వస్తుంది.

నేను పుట్టింది కాకినాడలో, మందుల షాపు మేడ మీది చిన్న ఆఫీసులో. పుట్టించినవాడు దొరబాబు. పిల్లల ఆసుపత్రికి టోకెన్లిచ్చే అప్లికేషన్ కట్టాడు. ఏడాది తిరిగేసరికి దాని మీద అంతస్తు మీద అంతస్తు లేచింది. నేను మాత్రం పురిటి బట్టలతోనే ఉండిపోయాను.

అప్పుడొచ్చింది వీరవేణి. ఇంటర్ మధ్యలోనే పెళ్లి, ఆ వెంటనే పాప. పాప నిద్రపోయే వేళల్లో కోడింగ్ పాఠాలు నేర్చుకుని ఉద్యోగానికొచ్చింది.

"సాయంత్రంలోగా దీన్ని నీ కంప్యూటర్లో నడిపించమ్మా. నడిస్తే రేపట్నించి పనిలోకి వచ్చెయ్," అన్నాడు దొరబాబు.

ఆమె నన్ను తెరిచింది. పసిపిల్లల జ్వరం మందు సీసా మీది చీటీ చదివినట్టు, తెర మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. అంత మర్యాద అలవాటు లేక నాకు సిగ్గేసింది. చెప్పింది చెప్పినట్టు చేసింది. ఎక్కడో తప్పుందంటూ తెర నిండా ఎర్రటి అక్షరాలు! మళ్లీ మొదటినుంచి చేసింది. మళ్లీ ఎరుపే. మధ్యలో ఇంటికి ఫోను.

"పిన్నీ, పాలు తాగిందా? కక్కలేదు కదా? ఒళ్లు వేడిగా ఉందేమో ఓసారి చూడవా?"

నాలుగున్నరకి చేతులు నలుపుకుంటూ లేచింది. "సార్, ఇందులో రాసినట్టే మూడుసార్లు చేశానండి. రావట్లేదండి."

"ఎందులో రాసినట్టు?"

"రీడ్‌మీలోనండి."

దొరబాబు పగలబడి నవ్వాడు. "అది చదివేవా! అదెవరు చదువుతారమ్మా? ఇలా జరుగు. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాలు ఇరవై అయ్యాయి. ఎర్రటి అక్షరాలు ఆయన ఇంజినీరింగుని కూడా ఖాతరు చెయ్యలేదు.

"నా దాంట్లో నడుస్తోంది కదా!" అని గొణిగాడు.

"మీ దాంట్లో ఉండి నా దాంట్లో లేనిదేదో ఉందేమోనండి," అంది వీరవేణి భయంభయంగానే. "రెండూ పక్కపక్కన పెట్టి చూద్దావాండి?"

పెట్టారు. ఆమె ఒక్కొక్క ఫైలు పేరూ పైకి చదువుకుంటూ పోయింది. పందొమ్మిదో పేరు దగ్గర ఆగింది. సెట్టింగుల ఫైలు! అందులో పాస్‌వర్డులున్నాయని దొరబాబు దాన్ని ఎవరికీ పంపకుండా తన దగ్గరే దాచాడు. దాచిన సంగతి నాకు చెప్పలేదు, తనకీ గుర్తులేదు. పెన్‌డ్రైవులో తెచ్చి వేయగానే టోకెన్ల పేజీ కళకళలాడుతూ తెరుచుకుంది.

దొరబాబు మెడ గోక్కున్నాడు. "రేపు తొమ్మిదిన్నరకల్లా వచ్చెయ్యమ్మా."

"ఆయ్, వస్తానండి. ఒక్క అయిదు నిమిషాలండి."

ఆ అయిదు నిమిషాలూ ఆమె నాలో రాసింది: 'ముందుగా దొరబాబు గారినడిగి సెట్టింగుల ఫైలు తీసుకోండి. అది లేకపోతే ఎన్నిసార్లు చేసినా రాదు. తప్పు మీది కాదు, కంగారుపడకండి.'

"ఆఖరి ముక్క ఎందుకమ్మా?" అన్నాడు దొరబాబు.

"కొత్తగా వచ్చినవాళ్లకి ముందు అదే కావాలండి," అని, పాపకి పాలవేళయిందంటూ గబగబా మెట్లు దిగిపోయింది.

దొరబాబు ఆ ముక్క చెరిపెయ్యబోయి ఆగాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి పంక్తి నుంచి నన్ను చదవడం మొదలుపెట్టాడు.