సంఘం రాని గది

మాస్టారు బైబిలు కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా ఒకే పాఠం చెబుతున్నారు: సంఘం అంటే ఏమిటి. సంఘమంటే నాలుగు గోడలు కాదని, క్రీస్తు శరీరమని, ఒక వేలికి దెబ్బ తగిలితే ఒళ్లంతా మేలుకోవాలని ఆయన చెబుతుంటే విద్యార్థులు రాయడం మాని వినేవారు.

ఆయన అక్కకు పక్షవాతం వచ్చింది. పెళ్లి చేసుకోకుండా, ముప్పై ఏళ్లు చర్చి నేల తుడిచి, ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసిన మనిషి. మొదటి వారం ఇద్దరు ముగ్గురు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. తర్వాత నాలుగు నెలలు గడప తొక్కినవాళ్లు లేరు. ఆదివారం వస్తే చాలు, ఆమె జడ వేయించుకుని తలుపు వైపు చూస్తూ పడుకునేది. ఫోనులో ఆరాధన పెడతానంటే వద్దనేది.

"ఫోను నా చెయ్యి పట్టుకుంటుందా తమ్ముడూ?"

మాస్టారు పాస్టరు గారి దగ్గరికి వెళ్లారు. ఆయన చెడ్డవారేమీ కాదు, ఊపిరి సలపని పనుల్లో ఉన్న మనిషి. అక్క సంగతి చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టామని, నూట పదిమంది దండాల బొమ్మలు పంపారని చూపించి, వచ్చే ఆదివారం ప్రసంగం మీరే చేయండన్నారు.

ఆ ఆదివారం మాస్టారు అక్క గురించే చెప్పారు. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆయన అక్క గది ఊడ్చి, పక్కింటివాళ్ల కుర్చీలు తెచ్చి వేశారు. ఎవరూ రాలేదు. ఆ వారమంతా రాలేదు.

"కుర్చీలు తిరిగిచ్చెయ్‌రా, వాళ్లకి అవసరమవుతాయి" అంది అక్క.

"సంఘం వాళ్ల మీద కోపంగా ఉందా అక్కా?"

"కోపం దేనికి? నేను మాత్రం ఎవరింటికి వెళ్లాను? నేల తుడిస్తే చాలనుకున్నాను."

మాస్టారు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగారు. తాను ఎవరి మంచం పక్కనైనా కూర్చున్నారా అని ఎంత వెతుక్కున్నా ఒక్క మొహమూ గుర్తుకు రాలేదు.

నెల తిరక్కుండానే అక్క పోయింది. ఆ రోజు చర్చి కిటకిటలాడింది. పాటలు బాగా పాడారు.

వారం తర్వాత మాస్టారు చర్చి ఆఫీసుకు వెళ్లి, మంచాన పడ్డవాళ్ల పేర్లు ఇస్తే వెళ్లి చూసొస్తానన్నారు. గుమాస్తా అటూ ఇటూ వెతికాడు.

"అలా రాసిపెట్టలేదు మాస్టారూ. మూడు నెలలు ఆరాధనకి రాకపోతే పేరు కొట్టేస్తాం. ఆ తర్వాత మాకూ తెలీదు."

మాస్టారు రిజిస్టరు అడిగి తీసుకున్నారు. అక్క పేరు మీద గీత పడి ఉంది. పక్కన తేదీ చూశారు. అప్పటికి అక్క బతికే ఉంది.

ఆయన రిజిస్టరు మూసి ఇచ్చేసి, క్లాసుకు టైమైందని చెప్పి వెళ్లిపోయారు.