పొన్నగంటి రెమ్మల లెక్క

1989లో డాండెనాంగ్‌లో కొట్టు తెరిచిన రోజు నా చేతిలో ఉన్నవి పన్నెండు బస్తాల బియ్యం, నాలుగు రకాల పప్పులు, బ్రిస్బేన్ నుంచి ఒక స్నేహితుడు తడిగుడ్డలో చుట్టి తెచ్చిన పొన్నగంటి రెమ్మ ఒకటి. "అక్కడ గుంటల పక్కన దొరుకుతోందిరా, మన కూరే," అన్నాడు.

బియ్యం ఎవరైనా అమ్ముతారు. ఆ కూర మాత్రం ఇంకెవరి దగ్గరా లేదు. కొట్టు వెనక పెరట్లో పాత బాత్‌టబ్బులో నాటితే నెల తిరిగేసరికి టబ్బు దాటి నేల మీదికి పాకింది. బస్తా బియ్యం కొన్నవాళ్లకు వేళ్లున్న రెమ్మ ఒకటి ఊరికే ఇచ్చేవాణ్ణి. కూర ఉన్నవాళ్లు పప్పు కోసం నా దగ్గరికే రావాలి కదా! ఊరికే ఇచ్చినా రాసుకోవడం నా అలవాటు: పేరు, వీధి, తేదీ. రెండేళ్లలో ముప్పై ఏడు ఇళ్లయ్యాయి.

1991 చివర, ఇక్కడి ఎండాకాలం మొదలయ్యాక, విద్యావతి గారు కందిపప్పుకు వచ్చారు. యూనివర్సిటీలో మొక్కల మీద పనిచేస్తారు. టబ్బు దగ్గర ఆగి ఒక తెల్ల పువ్వు తుంచి చూశారు.

"శ్రీపతి గారూ, ఇదేం కూర?"

"పొన్నగంటండీ. పెసరపప్పుతో బ్రహ్మాండం. ఓ కట్ట ఇవ్వనా?"

"పొన్నగంటి పువ్వు కణుపుకే అంటుకుని ఉంటుంది. దీనికి చూడండి, ఇంత కాడ! ఇది దాని దాయాది, దక్షిణ అమెరికా కలుపు. ఒక్క కణుపు నీళ్లలో పడితే చాలు, వాగు మీద చాప పరిచినట్టు కమ్మేస్తుంది. కింద చేపలకు ఊపిరాడదు."

"తింటే ప్రమాదమా?"

"మనకు కాదు, వాగుకు. వానలకు ముందే తీసేయాలి. ఎవరెవరికి ఇచ్చారో గుర్తుందా?"

నోటుబుక్కు తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె మొహం తేటపడింది, నాది వాడిపోయింది. ముప్పై ఏడు గడపలెక్కి 'నేనిచ్చింది కలుపు' అని చెప్పుకోవాలి. ఆ తర్వాత నా సరుకును ఎవరు నమ్ముతారు?

అయినా ముందు నా టబ్బు ఖాళీ చేసి, ప్రతి శనివారం ఇద్దరం తిరిగాం. వేళ్లతో సహా తవ్వి నల్లసంచుల్లో వేసి మూతి బిగించాం. "వచ్చేవారం కందిపప్పు కూడా వెనక్కి పట్టుకెళ్తారా?" అన్నాడొకాయన. నా దగ్గర తీసుకున్నవాళ్లు మళ్లీ పంచిపెట్టిన ఆరిళ్లు అదనంగా బయటపడ్డాయి.

చివరిది కేరమ్ డౌన్స్‌లో సీతాదేవి గారిల్లు. డెబ్బై ఏళ్ల ఆవిడ, చూపు మసక. పొన్నగంటి తింటే కళ్లకు మంచిదని, డాక్టరు దగ్గరికి వెళ్లకుండా రెండేళ్లుగా కొడుకుతో పోట్లాడుతున్నారు.

"ఏవయ్యా, ఇచ్చిన చేత్తోనే లాక్కుంటావా? ఇది తినబట్టే ఈపాటి చూపైనా ఉంది."

"ఇది పొన్నగంటి కాదు పిన్నిగారూ," అన్నాను.

విద్యావతి గారు వాదించలేదు. పువ్వున్న రెమ్మ తుంచి ఆవిడ వేళ్ల మధ్య పెట్టారు. ఆవిడ కింది నుంచి పైకి తడిమి, మళ్లీ తడిమారు.

"కాడుంది," అన్నారు మెల్లగా. "గుడివాడ కాలవ గట్టున రోజూ కోసినదాన్ని. దానికి కాడ లేదు." నా వైపు తిరిగారు. "దొంగ సరుకు అంటగట్టావు కదయ్యా! తవ్వుకో. పార షెడ్డులో ఉంది. మా వాడితో చెప్పు, ఆ డాక్టరెవరో చూడమని."

కారులో నలభై మూడో పేరు కొట్టేసి హమ్మయ్య అనుకున్నాను.

"మీ టబ్బులో ఎక్కువైంది ఏం చేసేవారు?" అన్నారు విద్యావతి గారు.

నోటుబుక్కు పక్కన పడేసి కారును కొట్టు వైపు తిప్పాను. కంచె మీంచి వెనక మురుగుకాలవలోకి విసిరేవాణ్ణి. ఇచ్చిందల్లా రాశాను. పారేసింది ఒక్కటీ రాయలేదు.

వెళ్లి చూస్తే, కాలవ వాగులో కలిసేచోటికి పది అడుగుల ఇవతల పచ్చగా పరుచుకుని ఉంది. మునిసిపల్ కౌన్సిల్ వాళ్లకు నేనే ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను. ఇద్దరు మనుషుల్ని పంపారు. మోకాలి లోతు బురదలో మూడు వారాలు ఏరాం. తర్వాత నెలనెలా చూస్తూ వచ్చాను. నాలుగుసార్లు మళ్లీ మొలిచింది, నాలుగుసార్లూ పీకాను.

1993 చివరికి లెక్క ఇదీ. నలభై మూడు పెరళ్లూ ఖాళీ. కాలవలో ఏడాదిగా మొలక లేదు, వాగులోకి ఒక్క కణుపూ పోలేదు. కూర కోసం వచ్చేవాళ్లలో సగంమంది వేరే కొట్లు చూసుకున్నారు. సీతాదేవి గారికి ఎడమకంటి శుక్లం తీశారు, కుడికన్ను వచ్చేనెల. ఆవిడ మాత్రం ప్రతి శనివారం నా కొట్టుకే వస్తున్నారు. కొత్తిమీర కట్టను కూడా వెలుతుర్లోకి పట్టుకెళ్లి, కాడలు చూసి మరీ కొంటున్నారు.