కడబంతి

ఏసన్న రాతి మీద నీళ్లు చిలకరించి మళ్లీ సుత్తి అందుకున్నాడు. ఆత్మకూరు చుట్టుపక్కల సమాధులకు పేర్లు చెక్కీ చెక్కీ అతని అరచేతులు కాయలు కాచాయి, ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరింది. నాలుగు దెబ్బలకొకసారి దగ్గు తెర అడ్డం పడుతుంది. పని మానమన్నాడు డాక్టరు. తల ఊపి వచ్చి, మర్నాడు మళ్లీ నాపరాయి ముందు కూర్చున్నాడు.

ఈ రాయికి మాత్రం కూలి లేదు. తమ్ముడి కూతురు ప్రేమజ్యోతి టీచరు. సెలవులన్నీ ధారపోసి, చర్చి రిజిష్టర్లూ రికార్డాఫీసు కట్టలూ తిరగేసి ఆరు పేర్లు బయటికి తీసింది. ఊరి ఆసామి ఇంట కట్టుబానిసలుగా బతికి, గొడ్లతోపాటు చేతులు మారిన మనుషులు వాళ్లు. ఒక్కరికీ సమాధి లేదు. అందులో నాగి, ఏసన్నకు ముత్తవ్వ. సమాధుల పండగనాడు అందరూ తమవాళ్లకు కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఆమెకు ఎక్కడ వెలిగించాలో తెలియక ఏసన్న ఇంటివాళ్లు బిక్కమొహాలేసుకుని నిలబడేవాళ్లు. ఆ సిగ్గు అతన్ని చిన్ననాటి నుంచీ తింటోంది. ఆమె పేరు తన చేత్తో చెక్కాలి. అంతకుమించి కోరికేమీ మిగల్లేదు.

కాగితాల్లో పోలిగాడు, నాగి అనే ఉంది. ఏసన్న పోలయ్య అని చెక్కాడు. రికార్డులో అట్లా లేదని జ్యోతి నసిగింది.

"అది రాసినోడు ఆసామి మనిషి మా. చెక్కేటోడు మన మనిషి," అన్నాడు.

ఐదో పేరు సగంలో ఉండగా దగ్గుకు ఒళ్లంతా వంగిపోయింది. జ్యోతికి భయమేసింది. ముందు అవ్వ పేరు చెక్కేయమని బతిమాలింది.

ఏసన్న మూతి తుడుచుకున్నాడు. "వీళ్లకు ఎవురూ ల్యారు మా. అవ్వకు నేనుండా. వడ్డించేటోడు మనోడైతే కడబంతిలో కూసున్యా ఏమీ కాదు."

పొద్దు వాలేసరికి ఐదో పేరు పూర్తయింది. దాని కింద సుద్దతో గీత గీసి, ఆరో పేరు తీరిగ్గా రాశాడు. రేప్పొద్దున చల్లపూట మొదలుపెడతానని చెప్పి గోడకు చేరగిలబడ్డాడు.

టీ తెచ్చిన జ్యోతి రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు. గ్లాసు కింద పెట్టి, పక్కన కూలబడి, అతని చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

రాయి ఎదురుగానే ఉంది. ఐదు పేర్లు లోతుగా దిగి ఉన్నాయి, వాటి కింద ఉలి తగలని నాగమ్మ, వట్టి సుద్దగీతలు.