బోనాల నెలకు నాలుగు వందల పెట్టెలు

రామ్మోహనరావు గారు తొమ్మిది వందలు రాయమన్నారు. లోవలక్ష్మి రాయలేదు.

రెజిమెంటల్ బజార్‌లో ఆయనది రస్కుల ఏజెన్సీ. బొల్లారం ఫ్యాక్టరీ నుంచి సరుకు తెప్పించి సికింద్రాబాదు కొట్లన్నిటికీ వేస్తారు. ఆ వ్యాపారంలో ఒక మర్యాద ఉంది. పది కావాలంటే పదిహేను అడగాలి. ఫ్యాక్టరీవాళ్ళు ఏమన్నా తక్కువవాళ్ళా? పదిహేను అడిగితే తొమ్మిదే పంపుతారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు కదా. ఇరవై ఏళ్ళుగా రెండు వైపులా ఇదే బాగోతం.

ఆ ఏడు ఫ్యాక్టరీవాళ్ళు కంప్యూటరు పెట్టారు. వచ్చే నెలకు ఎంత అమ్ముడవుతుందో ఏజెన్సీ ఒక అంకె, ఫ్యాక్టరీ ఒక అంకె ఇంటర్నెట్‌లో ఒకే పట్టీలో వేయాలి. రెండూ ఇద్దరికీ కనపడతాయి. తేడా వస్తే మాట్లాడుకుని ఒక అంకెకు రావాలి.

"జూలైలో బోనాలమ్మా! పండగ. ఎక్కువే రాయాలి," అన్నారు రామ్మోహనరావు గారు.

"బోనాలకి రస్కులు ఎవరు తింటారండీ? మొన్న నేను కొట్లన్నీ తిరిగొచ్చేను."

నిజంగానే తిరిగింది. తుని దగ్గర్నుంచి వచ్చిన పిల్ల, మల్కాజ్‌గిరిలో కాపురం. మూడేళ్ళుగా ఆర్డర్లు రాసేది ఆమే. స్టేషన్ ముందు టీకొట్టు లచ్చమ్మ తేల్చి చెప్పింది: "చాయ్ మస్తు పోతది గానీ బిడ్డా, ఇండ్లల్ల కోడికూర ఉంటే రస్క్ ఎవ్వలు తింటరు? పోయినేడు సుత అన్నీ మెత్తవడ్డయ్, వాపస్ ఇచ్చిన."

"నాలుగు వందలండీ," అంది లోవలక్ష్మి.

"వాళ్ళు ఎప్పట్లాగే కోత పెడితే రెండొందల నలభై వస్తాయి. కొట్లు ఖాళీ. ఏజెన్సీ ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. అప్పుడు నువ్వూ ఇంటికే, నేనూ ఇంటికే."

ఆమెకు భయం వేయలేదని కాదు. అయినా నాలుగు వందలే వేసింది.

అరగంటలో ఫ్యాక్టరీ నుంచి ఉదయ్ భాస్కర్ ఫోన్ చేశాడు. అంచనాలు చూసేది అతనే. "ఏంటండీ ఇది? మా కంప్యూటరు జూలైకి తొమ్మిది వందలు అంటోంది. మూడేళ్ళుగా మీరు అడిగింది అదే."

లోవలక్ష్మి ఉన్నమాట చెప్పేసింది. "అది మా అబద్ధమండీ. మీరు కోస్తారని పెంచి రాసేవాళ్ళం. మీ కంప్యూటరు దాన్నే బట్టీ పట్టింది."

పక్కన రామ్మోహనరావు గారు తల పట్టుకున్నారు. అవతల ఉదయ్ భాస్కర్ నవ్వాడు. "మీరు పెంచుతారనే మేము కోసేవాళ్ళం. సరే, నాలుగు వందలకి నాలుగు వందలూ పంపుతాను. సరుకు చాలక కొట్లు ఖాళీ అయితే మాత్రం మా మేనేజరు ఏజెన్సీ తీసేస్తారు. అది నా చేతిలో లేదు."

జూలై నెలంతా లోవలక్ష్మి రోజూ సాయంత్రం గోడౌన్‌లోకి వెళ్ళి పెట్టెలు లెక్కపెట్టుకునేది. బోనాల వారంలో కొట్లకు రోజుకు పది కూడా పోలేదు. వాన పట్టాక చివరి వారం అమ్మకాలు ఒక్కసారిగా ఊపందుకున్నాయి. ఒక్క కొట్టూ ఖాళీగా లేదు, ఒక్క పెట్టె కూడా మెత్తబడి వెనక్కి రాలేదు. ముప్పై ఒకటో తారీకున గోడౌన్‌లో మిగిలినవి తొమ్మిది.

ఆగస్టు ఒకటిన బొల్లారంలో ఏజెంట్లందరికీ మీటింగు. మేనేజరు సికింద్రాబాదు అంకె చూసి, "రామ్మోహనరావు గారూ, అంచనా ఇంత కచ్చితంగా ఎలా కట్టారు?" అని అడిగాడు.

పొగడ్త వస్తే వదిలే మనిషి కాదాయన. లేచి గొంతు సవరించుకున్నారు. లోవలక్ష్మి తల దించుకుంది.

"నేను తొమ్మిది వందలు రాయమన్నానండీ," అన్నారాయన. "నా మాట వినలేదు. ఇదిగో, ఈవిడ."

ఆయన మొహం వెలిగిపోతోంది. సొంత కూతురికి ఫస్టు ర్యాంకు వచ్చినా అంత మురిసిపోయేవారు కాదేమో.

వెనక వరసలోంచి ఫ్యాక్టరీ భట్టీ మేస్త్రి లేచాడు. పాతికేళ్ళుగా రస్కులు కాల్చి కాల్చి చేతులు నల్లబడిన మనిషి. ఎంత కాల్చాలో ఇన్నాళ్ళూ ఆయనకు పైనుంచి కాగితం వచ్చేది. ఇప్పుడు తిన్నగా ఆమెనే అడిగాడు.

"ఈ నెల మీ సికింద్రాబాదుకు ఎన్ని కాల్చమంటవమ్మా?"

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. లోవలక్ష్మి లేచి నిలబడింది.

"వానలు పట్టేయి కదండీ, ఆరు వందల పది," అంది.

మేస్త్రి జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.