మూల మడత

దుప్పటి నడిమికి చిరిగితే సూదమ్మ మాసిక వేయదు. నిలువునా రెండుగా చింపి, అరగని అంచులు రెండూ మధ్యకు వచ్చేలా తిప్పి కుడుతుంది. అలా కుట్టిన దుప్పటి మరో మూడేళ్లు రోగుల బరువు మోస్తుంది. ఆ ఉదయం ఏడో దుప్పటి మిషను మీద ఉంది. కాళ్లు తొక్కుతున్నాయి, చేతులు గుడ్డను నడిపిస్తున్నాయి, కళ్లు మాత్రం మాటిమాటికీ గోడ గడియారం వైపు పోతున్నాయి.

ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉండే బట్టల గది అది. ఇనుప అరల నిండా ఉడకబెట్టి మడిచిన తెల్ల దుప్పట్లు. కిటికీ లేదు. మిషను ఆగితే ఆవిరి గొట్టాల చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. ఎదురుగా మూలన ఒక ఇనుప కుర్చీ. అందులో ఎవరూ కూర్చోరు.

సూదమ్మ అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. యాభై ఎనిమిదేళ్ల బక్క మనిషి. కళ్లద్దాల కాడ విరిగితే దారం చుట్టి నడిపిస్తోంది. ఆమె చేసే దొంగపని ఒక్కటే. రోజూ భోజనం వేళ అరగంట, తలుపు గడియ పెట్టుకుని, కథ రాస్తుంది. పంతొమ్మిదేళ్లుగా ఒకటే కథ: నిద్ర పట్టని ఊరికి దుప్పట్లు మోసుకుపోయే మనిషిది. ఆరు నోటుబుక్కులయినా ఆ మనిషి ఆఖరి ఇల్లు చేరలేదు. రాసింది వెనక్కి తిప్పి చదివే ధైర్యం ఆమెకు ఏనాడూ లేదు; రోజూ పుస్తకం చివరి నుంచి తిప్పుకొచ్చి తెల్ల పేజీ దగ్గరే మొదలుపెడుతుంది.

ఆ భయం పెట్టింది పెద్దమ్మ. ఈ గదికి సూదమ్మ కన్నా ముందు నుంచీ ఉన్న మనిషి, ఆమెకు పని నేర్పిన మనిషి. అక్షరం ముక్క రాదు. "ఏం గీకుతున్నావే? కాలం దండగ! ఆ టైములో నాలుగు దిండు గలీబులు కుట్టొచ్చు" అని రోజూ తిట్టేది. పదకొండేళ్ల కిందట ఆ ఇనుప కుర్చీలోనే, ఒళ్లో సగం మడిచిన దుప్పటితో, ప్రాణం వదిలేసింది. తిట్టు మాత్రం గదిలో ఉండిపోయింది.

నిన్న పైఅంతస్తు డాక్టరు ఆమె గుండె విని, "మెట్లు ఎక్కువ ఎక్కకండి" అన్నాడు. ఇంటికి వెళ్లి ఆమె లెక్క వేసింది. రోజుకు అరగంట చొప్పున పంతొమ్మిదేళ్లు. అన్నీ కలిపితే నాలుగు నెలలు, రాత్రీ పగలూ. దేవుడిచ్చిన కాస్త కాలంలో నాలుగు నెలలు గీతల్లో పోశానా అనుకుంది. అందుకే ఈవేళ సంచీ తెచ్చింది. నోటుబుక్కులు ఆరూ బాయిలర్లో వేసేస్తే పీడా పోతుంది.

భోజనం వేళకు పై అర మీద దుప్పట్ల వెనక నుంచి వాటిని దించింది. చేయి జారి మొదటిది కింద పడి తెరుచుకుంది.

పేజీ కింది మూల మడిచి ఉంది. ఒక్క మడత కాదు. ఏటవాలుగా ఒకటి, దాని మీద ఇంకొకటి, కొన లోపలికి దోపి. మంచం మీద దుప్పటి మూల అలా దోపడం పెద్దమ్మ పనితనం. రెండు పేజీలు తిప్పితే ఇంకో మడత. ఆపైన ఇంకొకటి. మొదటి రెండు నోటుబుక్కుల్లో అన్నీ కింది మూలలే. చదువు రాని మనిషి పుస్తకం తలకిందులుగా పట్టుకుని, ఎక్కడి దాకా చూసిందో గుర్తు పెట్టుకుంది.

సూదమ్మకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. "ఓసి దొంగ పెద్దమ్మా!" అంది.

మూడో నోటుబుక్కు తెరిచాక నవ్వు ఆగిపోయింది. అది పెద్దమ్మ పోయాక మొదలుపెట్టినది. మడతలు అందులోనూ ఉన్నాయి. పై మూలల్లో.

ఆరోది తెరిచింది. నిన్న మధ్యాహ్నం రాసిన పేజీ పై మూల మడిచి ఉంది.

అంతలో తలుపు తట్టి, ఆసుపత్రి బట్టల బండి నడిపే బండి బాబాయి ఉతికిన మూటలు తోసుకొచ్చాడు.

"బాబాయ్, నేను లేనప్పుడు ఈ గదిలోకి ఎవరైనా వస్తున్నారా?"

"తాళంచెవి నీ మెళ్లోనే ఉంటే ఎవరొస్తారమ్మా? పెద్దమ్మ పోయిన కాణ్నుంచీ నువ్వు లేకుండా నేనే అడుగు పెట్టను. మొన్న పొద్దున బయట నిలబడితే లోపల కాగితం తిప్పిన చప్పుడైంది. ఎలకలేలే అనుకుని పోయాను."

"ఎలకలే" అంది సూదమ్మ.

అతను వెళ్లాక గడియ పెట్టింది. ఒళ్లు జలదరిస్తూనే ఉంది, అయినా పారిపోవాలనిపించలేదు. ఇనుప కుర్చీ వైపు తిరిగి, "నన్ను తిట్టి తిట్టి, పోయాక చదువు నేర్చుకున్నావా పెద్దమ్మా?" అని అడిగింది. గొట్టాల చప్పుడు ఆగిపోయింది. నిన్నటి పేజీ తీసి పైకి చదివింది. చివరి వాక్యం పూర్తవగానే కుర్చీ కిర్రుమంది, ఎవరో ముందుకు వంగినట్టు.

"ఉండు, చెబుతాను" అని సూదమ్మ కలం మూత తీసింది.

ఆ మధ్యాహ్నం ఆమె గడియారం వైపు చూడలేదు. అరగంట దాటింది, గంట దాటింది. ఎనిమిదో దుప్పటి మిషను పక్కనే పడి ఉంది. కథలో మనిషి ఆఖరి ఇంటి తలుపు తట్టాడు, ఆఖరి దుప్పటి పరిచాడు, ఊరు నిద్రపోయింది. ఇంత తేలిగ్గా ఆమె ఎన్నడూ ఊపిరి తీసుకోలేదు.

అయిదింటికి ఎంత పిలిచినా పలకకపోతే బండి బాబాయి భుజంతో తోసి గడియ ఊడగొట్టాడు. సూదమ్మ మడిచిన దుప్పట్ల మీద చెంప ఆనించి ఉంది. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టుకుంది, కలానికి మూత పెట్టింది. ముఖం మీదుగా దుప్పటి కప్పి ఆమెను తీసుకెళ్లాక అతను ఆరో నోటుబుక్కును మూసి, మిగతా వాటి మీద పెట్టి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి పైవార్డు నర్సమ్మ చేతికిచ్చాడు.

మూడో రోజు పొద్దున నర్సమ్మతో కలిసి తలుపు తీస్తే, నోటుబుక్కులు అయిదే ఉన్నాయి అక్కడ. ఆరోది ఇనుప కుర్చీలో తెరిచి ఉంది, కథ అయిపోయిన చోటు కూడా దాటి, ఏమీ రాయని తెల్ల పేజీ దగ్గర. దాని పై మూల ఏటవాలుగా రెండు మడతలు వేసి, కొన లోపలికి దోపి ఉంది.