రోజూ డెబ్బై రెండు మెట్లు

ఆ అగ్నిమాపక కేంద్రంలో ఆమెను అందరూ నిచ్చెన అనే పిలిచేవారు. ఆరడుగులకు రెండంగుళాలే తక్కువ. పదహారేళ్ళ సర్వీసు. షిఫ్టు మొత్తానికి ఒక్కతే ఆడమనిషి. ఆమె జోడీ పేరు పిడుగు. మనిషి ఆమె భుజం దాకా కూడా రాడు గానీ, పొట్టివాడు గట్టివాడన్న మాట అతన్ని చూసే పుట్టిందనేవాడు ఫైరింజను నడిపే డ్రైవరు బాబాయి. తొమ్మిదేళ్ళుగా పొగలోకి ఇద్దరూ కలిసే వెళ్ళారు, కలిసే వచ్చారు.

ఆ ఏడాది దేహదారుఢ్య పరీక్షలో వాళ్ళ కేంద్రం నుంచి ముగ్గురు మెట్ల దగ్గర చతికిలబడ్డారు. కేంద్రం అధికారిని, అంటే పెద్దసారుని, మిగతా అధికారుల ముందు ఎవరో చులకనగా మాట్లాడారట. మర్నాడే హుకుం వచ్చింది. వారానికి ఆరు రోజులు, హాజరు పిలిచిన వెంటనే, ఇరవై కిలోల నీళ్ళగొట్టం చుట్ట భుజాన వేసుకుని శిక్షణ టవరు డెబ్బై రెండు మెట్లూ ఐదుసార్లు ఎక్కి దిగాలి. ఆ తర్వాత అదే బరువుతో వంద గుంజీలు.

మొదటి రెండు వారాలు అందరి వేగమూ పెరిగింది. పెద్దసారు మీసం దువ్వుకున్నాడు. మూడో వారం వేగం అక్కడే ఆగింది. ఐదో వారం నుంచి తగ్గడం మొదలైంది. నిచ్చెన తన సమయమూ పిడుగు సమయమూ ఒక చిన్న పుస్తకంలో రాసుకునేది. పది నిమిషాల ఇరవై సెకన్లలో ముగించే పని ఇప్పుడు ఆమెకు పన్నెండున్నర నిమిషాలు పడుతోంది. పిడుగుకి పదమూడు. నిద్ర సరిగ్గా పట్టడం లేదు. పొద్దున్నే మంచం మీద కూర్చుని నాడి చూసుకుంటే అప్పుడే పరుగెత్తి వచ్చినట్టు కొట్టుకుంటోంది. ఇంట్లో గరిటె కిందపడినా కోపం వస్తోంది.

ఆమె ఆడపడుచు ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఆదివారం ఇంటికొచ్చి, వదిన సోఫాలోంచి లేవడానికి చేతులు ఆనించడం చూసి, ఏం జరుగుతోందో ఆరా తీసింది. పుస్తకం తెప్పించుకుని పేజీలు తిప్పింది.

"కండ పని చేసేటప్పుడు పెరగదు వదినా, చేశాక మనం దాని జోలికి పోకుండా ఉంటే పెరుగుతుంది," అంది. "ఒక కండకి వారానికి రెండుసార్లు, మహా అయితే మూడుసార్లు, ఇంత బరువు చాలు. ఆరు రోజులంటే పుండు మానకముందే గోకుతున్నట్టు."

ఓవర్‌ట్రైనింగ్, అంటే కసరత్తు ఎక్కువై ఒళ్ళు చెడడం అనేది, పని ఎగ్గొట్టేవాళ్ళు కనిపెట్టిన మాటని మా సారు అంటాడని నిచ్చెన చెప్పింది. ఆడపడుచు కొట్టిపారేయలేదు. రెండు రోజులు చేసి ఒళ్ళు నొప్పులొస్తే ఆ పేరు పెట్టుకునేవాళ్ళు తన దగ్గరికి బోలెడుమంది వస్తారంది. నిజంగా ఆ స్థితికి వచ్చేవాళ్ళు తక్కువేనంది. "కానీ పని చేసే కొద్దీ బలం తరుగుతోందంటే అది సాకు కాదు. రేపే వెళ్ళి మీ సారుకి ఈ పుస్తకం చూపించు."

నిచ్చెన చూపించలేదు. అప్పటికే షిఫ్టులో ఒకడు నోరు విప్పి చూశాడు. రోజు విడిచి రోజు చేస్తే ఎలా ఉంటుందని అడిగితే, "మంట నీకు రోజు విడిచి రోజు వస్తుందా?" అని పెద్దసారు అందరిముందూ కడిగేశాడు. తను అడిగితే ఆ కడగడంలో ఇంకో ముక్క కూడా ఉంటుందని ఆమెకు తెలుసు. ఆడవాళ్ళని తీసుకుంటే ఇంతే అంటాడు. పదహారేళ్ళుగా ఆ ముక్క ఎవరి నోటా రానివ్వకుండా పళ్ళు బిగించి బతికింది. ఇప్పుడూ పళ్ళే బిగించింది.

ఏడో వారం, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు దాటాక పిలుపు వచ్చింది. నాలుగంతస్తుల భవనంలో మూడో అంతస్తు వంటగది అంటుకుంది. లిఫ్టు ఆగిపోయింది. మంట పెద్దది కాదు గానీ, పక్కగదిలో నడవలేని ముసలాయన ఒకరు ఉండిపోయారు. పిడుగు ఆయన్ని వీపున వేసుకున్నాడు. నిచ్చెన వెనక నడిచింది. పొద్దుటి మెట్లు, వంద గుంజీలు కాళ్ళలో ఇంకా సలుపుతూనే ఉన్నాయి.

రెండో అంతస్తు దాటారు. ఆ కింది మెట్ల వరుస మధ్యలో పిడుగు తొడ ఒక్కసారిగా వణికింది. మెట్టు మీద పెట్టిన కాలు అలాగే మడతపడిపోయింది. టప్పుమని చప్పుడైంది. నిచ్చెన ఎడంచేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని, కుడిచేత్తో ముసలాయన చొక్కా వెనకభాగం గుప్పిట పట్టి వెనక్కి లాగింది. ఆయన ఆమె ఒళ్ళోకి ఒరిగాడు. పిడుగు ఒక్కడే ఆరు మెట్లు దొర్లాడు.

ముసలాయనకు గీత కూడా పడలేదు. పిడుగుకి మాత్రం తొడ కండని మోకాటిచిప్పకి కట్టి ఉంచే స్నాయువు పూర్తిగా తెగింది. కుట్టారు. మళ్ళీ బరువుతో మెట్లెక్కడం సంగతి ఏడాది తర్వాత చూద్దామన్నారు డాక్టర్లు.

మర్నాడు హాజరు పిలిచాక పెద్దసారు అసలే డీలాపడి ఉన్నవాళ్ళకి గోరుచుట్టు మీద రోకటిపోటు వేశాడు. నిన్న జరిగింది చూశారుగా, కాళ్ళలో సత్తువ లేకపోతే ఇదే గతి అన్నాడు. ఇవాళ్టి నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అన్నాడు.

అందరూ గొట్టం చుట్టలు ఎత్తుకున్నారు. నిచ్చెన ఎత్తుకోలేదు.

"ఏమ్మా, నీకు విడిగా చెప్పాలా?"

"వాడి కాళ్ళలో సత్తువ ఉండేది సార్. మీరు తీసేశారు."

పెద్దసారు దగ్గరికొచ్చాడు. మంట వచ్చి ఎదురుగా నిలబడితే అప్పుడూ ఇలాగే రెస్టు అడుగుతావా అన్నాడు.

"మంట రోజూ రాదు సార్. మీరు రోజూ వస్తున్నారు," అంది. జేబులోంచి పుస్తకం తీసి వారం వారం సమయాలు గట్టిగా చదివింది. చదివే కొద్దీ ఒక్కో అంకెకీ ఒళ్ళు భగ్గుమంది. ఇవన్నీ ఎప్పుడో చదవాల్సినవి. చివరి వారం పిడుగు పద్నాలుగు నిమిషాలు దాటాడు. ఆ అంకె చదివి పుస్తకం మూసింది.

ఆడవాళ్ళని తీసుకుంటే అన్న ముక్క పెద్దసారు అనలేదు. అవిధేయత అని రాసి, నెల్లాళ్ళు ఫోన్లెత్తే గదిలో కూర్చోబెట్టాడు. మిగతావాళ్ళలో ఇద్దరు చుట్టలు కింద పెట్టారు. తక్కినవాళ్ళు తలొంచుకుని టవరెక్కారు. వాళ్ళ మీద కూడా ఆమెకు కోపం వచ్చింది, కానీ మొన్నటిదాకా తను చేసిందీ అదే.

ఆ పుస్తకం నకలు డ్రైవరు బాబాయి పై ఆఫీసుకి పంపించాడు. ఎవరినీ అడగలేదు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యేవాణ్ణి నన్నేం పీకుతారన్నాడు. మూడు వారాలకు కాగితం వచ్చింది. బరువుతో మెట్లు వారానికి మూడు రోజులే, మధ్యలో ఒక్కో రోజు ఖాళీ వదలాలి. పెద్దసారు ఆ కాగితాన్ని తన సొంత ఆలోచనలాగా చదివి వినిపించాడు. పిడుగు ఊసే ఎత్తలేదు.

ఆ సాయంత్రం నిచ్చెన పిడుగు ఇంటికి వెళ్ళింది. కాలు చాపుకుని కుర్చీలో ఉన్నాడు. భార్య నీళ్ళిచ్చి లోపలికెళ్ళింది. నిచ్చెన కాగితం సంగతి చెప్పింది. అతను సంతోషిస్తాడనుకుంది.

"ఆ పుస్తకంలో నావి కూడా రాశావట," అన్నాడు.

రాశానంది.

"ఎప్పట్నించి వేగం తగ్గింది?"

"ఐదో వారం నుంచి."

"రెండు వారాలు నీ జేబులో పెట్టుకు తిరిగావు. నాలో చేవ చచ్చిందనుకున్నానక్కా. ఇంట్లో చెప్పకుండా ఆదివారం కూడా గుంజీలు తీశాను. నీకూ తగ్గిందని ఒక్క మాట చెప్పుంటే ఆపేవాణ్ణి."

ఆడమనిషి కష్టం నీకేం తెలుసని నాలిక చివరిదాకా వచ్చింది. అదీ నిజమే. కానీ ఆ మోకాలు ముందు పెట్టుకుని ఆ మాట అనబుద్ధి కాలేదు.

"నీ మీద నాకు చాలా కోపంగా ఉంది," అన్నాడు పిడుగు, గొంతు పెంచకుండా.

"ఉండనీ," అంది. "నాకూ నా మీద అంతే ఉంది."

డాక్టరు రోజూ చేయమన్న కాలి వ్యాయామం కాగితం బల్ల మీద ఉంది. దానిలో రోజుకు పది చొప్పున అని ఉంటే, పిడుగు పెన్నుతో కొట్టేసి ముప్పై అని రాసుకున్నాడు. నిచ్చెన ఆ ముప్పైని చూసింది. కోపం మళ్ళీ నెత్తికెక్కింది. పెన్ను తీసుకుని, కాగితం చిరిగేంత గట్టిగా ఆ అంకె కొట్టేసి, పది అని పెద్దగా రాసింది.

"ఎక్కువ చేశావంటే కాళ్ళు విరగ్గొడతాను," అంది.

పిడుగు నవ్వలేదు. కానీ కాగితం మళ్ళీ తన వైపు లాక్కోలేదు.