బుగ్గ లోపలి కణం

“ఇంట్లోనూ ఉల్లిపాయలే, కాలేజీలోనూ ఉల్లిపాయలే. దీనికి మళ్ళీ ఎమ్మెస్సీ ఒకటి!” అన్నాడు భర్త, వంటింటి గుమ్మంలో నిలబడి. హాల్లో టీవీ చూస్తున్న అత్తగారు కిసుక్కున నవ్వింది. వంటింట్లో ఆమె ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగకుండా ఆ ఇంట్లో చేసుకోగలిగిన పని అదొక్కటే.

ఆయన మాటలో అబద్ధం లేదు. అదే గుచ్చుకుంది. ఆమె బయాలజీ చెప్పే కాలేజీలో ఎప్పట్నుంచో ఒక పద్ధతి ఉంది. కణనిర్మాణం ప్రాక్టికల్ రోజున మగపిల్లలు పుల్లతో బుగ్గ లోపల మెల్లగా గీకి, తమ కణాలను తామే మైక్రోస్కోప్‌లో చూసుకుంటారు. ఆడపిల్లలకు మాత్రం ఉల్లిపొర. “ఆడపిల్లలు పదిమందిలో నోరు తెరిచి గీక్కోవడం, పుక్కిలించి ఉమ్మడం... ఏం బాగుంటుందమ్మా?” అని డిపార్ట్‌మెంట్ హెడ్ ఆమె చేరిన రోజే చెప్పాడు. ఆయన్ని అందరూ పెద్దసారంటారు. ఆమె తలూపింది. చదువుకునే రోజుల్లో తనకూ ఉల్లిపొరే ఇచ్చారు. పుట్టింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తను. ఇచ్చింది తీసుకోవడమే తప్ప ఇంకోటి కావాలని అడగొచ్చని ఆమెకెవరూ చెప్పలేదు. పాఠం మాత్రం చార్టు చూపించి గడగడా చెప్పేది. మొక్క కణానికి బయట గట్టి గోడ ఉంటుంది, జంతు కణానికి గోడ ఉండదు, పల్చటి పొరే ఉంటుంది, దేన్ని లోపలికి రానివ్వాలో దేన్ని బయటికి పంపాలో ఆ పొరే చూసుకుంటుంది, లోపల జీవద్రవ్యం, అందులో కేంద్రకం. పాఠమయ్యాక స్లైడ్లు కడగడమూ ఆమె పనే, స్టాఫ్‌రూములో టీ పోయడమూ ఆమె పనే. “మీ చేతైతే శుభ్రం మేడమ్” అనేవాళ్ళు, ఆ మాటను కూడా జీతంలో కలిపి ఇస్తున్నట్టు.

ఈ నెలలో ఆమె ఉద్యోగం పర్మినెంట్ కావాలి. పెద్దసారు సంతకం ఒక్కటే మిగిలింది.

మర్నాడు ల్యాబులో, ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని క్లాసంతా ‘ఎందుకమ్మ’ అని ఏడిపించే పిల్ల ఉల్లిపొరను పక్కకు నెట్టింది.

“మేడమ్, మా బుగ్గల్లో కణాలుండవా?”

“ఎందుకుండవు? ఉంటాయి.”

“మీవి మీరెప్పుడైనా చూసుకున్నారా?”

“మేడమ్‌కి కూడా ఉల్లికణాలేరా!” అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. ల్యాబంతా గొల్లుమంది.

ఆమె నవ్వలేదు, కసరలేదు. ఈ ఒంటి గురించి ఇంట్లో ప్రతివాళ్ళకూ ఒక అభిప్రాయముంది. లావెక్కిందని భర్తకు, ఓపిక లేదని అత్తగారికి, ఇంకో బిడ్డను కనొచ్చు కదా అని ఆడపడుచుకు. అందరూ చూసి తీర్పు చెప్పిన ఈ ఒంటి లోపల ఏముందో తను మాత్రం ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఇన్నాళ్ళూ పిల్లలకు చెప్పింది కూడా చార్టులో ఎవరో గీసిన బొమ్మ గురించే.

నోరు పుక్కిలించి వచ్చింది. కొత్త పుల్ల తీసుకుని అందరి ముందూ నోరు పెద్దగా తెరిచి బుగ్గ లోపల గీకింది. గాజుపలక మీద పులిమి, నీలిరంగు చుక్క వేసి, కవర్‌స్లిప్ కప్పి, మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించింది. ముందు అంతా మసక. మరను ఇంకాస్త తిప్పింది. అప్పుడు కనిపించాయి. ఉల్లిపొరలోలా ఇటుకల వరసలు కావు. నలిగిన పూరేకుల్లా, అంచులు మడతపడి, ఏ రెండూ ఒక్కలా లేవు. ఒక్కోదానిలో ఒక ముదురు చుక్క. కన్ను తీయబుద్ధి కాలేదు. ఇవి ఎవరో తెచ్చిపెట్టినవి కావు, ఎవరి దయవల్లో వచ్చినవీ కావు.

ఆమె తలెత్తేసరికి ఆడపిల్లలంతా పుల్లలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. ఆమె ఎవరినీ ఆపలేదు.

సాయంత్రానికల్లా ఎందుకమ్మ తండ్రి వచ్చి పెద్దసారు గదిలో పెద్ద గొడవ చేసి వెళ్ళాడు. పెద్దసారు ఆమెను పిలిపించాడు. “రేపు క్లాసులో నేను కూడా ఉంటాను. తప్పయిందని నలుగురి ముందూ చెప్పి, అమ్మాయిలకు మళ్ళీ ఉల్లిపొర ఇవ్వండి. సంతకం అప్పుడే పెట్టేస్తాను. కాదూ కూడదంటారా, వేరే కాలేజీ చూసుకోండమ్మా.”

సంగతి విని భర్త విసుక్కున్నాడు. “ఆ ఒక్క ముక్క అనేసి రా. అంటే అరిగిపోతావా?”

“అది కాదురా, అందరి ముందూ అంతేసి నోరు తెరిచిందట!” అంది అత్తగారు. “ఏం తల్లీ, ఇంట్లో మాకెప్పుడూ చూపించలేదే?”

“మీరెప్పుడూ అడగలేదుగా అత్తయ్యా.”

ఆమె బట్టలు మడతపెడుతూ ఆలోచించింది. ఉద్యోగం పోతే పొద్దస్తమానం ఈ గదుల్లోనే, ఈ మాటల మధ్యే. అది చిన్న భయమేమీ కాదు. కానీ రేపు ఆ పిల్లలకు కంటితో చూసిందాన్ని తప్పని చెప్పి వస్తే, ఎల్లుండి ఏ ముఖంతో వాళ్ళకు పాఠం చెప్పాలి?

“చెప్తాలెండి” అంది భర్తతో. “చేసిన తప్పు చెప్పడానికి నాకేం సిగ్గులేదు.”

పొద్దున ల్యాబు గుమ్మంలో పెద్దసారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎందుకమ్మ తల దించుకుని కూర్చుంది.

“నిన్న నేనొక తప్పు చేశాను” అంది ఆమె.

పెద్దసారు తృప్తిగా తలూపాడు.

“మీ చేత రంగు ఎక్కువ వేయించాను. అందుకే మీలో చాలామందికి కేంద్రకం సరిగా కనబడలేదు. ఇవాళ ఒక్క చుక్కే వేద్దాం. అమ్మాయిలూ, ముందు మీరు రండి.”